మీ దగ్గర డ్రిల్లులు ఎన్నున్నాయి డాక్టర్ గారూ?

నోరు బార్లా తెరుచుకుని పడుకున్న మనిషి ఎవరినీ ఏమీ అడగలేడు. ఆ రోజు నా పరిస్థితి అదే. కింది దవడలో ఎడమవైపు పిప్పి పన్ను, రూట్ కెనాల్ రెండో సిట్టింగు. మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, అది పట్టేదాకా ఆగమని డాక్టర్ గారు పక్క గదిలోకి వెళ్లారు. కుర్చీలో వెనక్కి వాలి పైనున్న లైటు వంక చూస్తున్నాను. దాని మెరిసే అంచులో నా వెనకున్న బల్ల కనిపిస్తోంది. అసిస్టెంటు అమ్మాయి నాకంటే ముందు పేషెంటుకి వాడిన డ్రిల్లుని స్టాండులోంచి తీసింది. కొసనున్న బర్, అంటే పంటిని తొలిచే ములికి, ఊడదీసింది. స్పిరిట్ అద్దిన దూదితో పైనుంచి కిందికి ఒకసారి, చుట్టూ ఒకసారి తుడిచింది. కొత్త బర్ బిగించి మళ్లీ స్టాండులో పెట్టేసింది. అంతా కలిపి పది సెకన్లు పట్టలేదు. ఇంకో ఐదు నిమిషాలకి ఆ డ్రిల్లు నా నోట్లో ఉంది.

నేనేమీ అనలేదు. డాక్టర్ ఇంకా రాకముందే లేచి అడిగి ఉండొచ్చు, అడగలేదు. ఏమనుకుంటారో అన్న మొహమాటం. సగం మొద్దుబారిన మూతితో అడిగితే నవ్వులాటగా ఉంటుందేమోనన్న సిగ్గు కూడా. ఇంటికొచ్చాక మాత్రం నాలుగు రోజులు టెన్షన్ పడ్డాను. ఆ టెన్షన్‌లో చదివినదీ, తర్వాత తెలిసిన పళ్ల డాక్టర్లని విసిగించి తెలుసుకున్నదీ ఇక్కడ రాస్తున్నాను.

మనం పళ్ల డాక్టర్ని ఎలా ఎంచుకుంటాం? హస్తవాసి మంచిదంటారు. నొప్పి తెలియకుండా పన్ను తీశాడంటారు. వెళ్లి చూస్తే ఏసీ ఉంటుంది, గోడ నిండా సర్టిఫికెట్లుంటాయి, కుర్చీ కొత్తగా ఉంటుంది. ఇవేవీ చెడ్డవి కావు. కానీ మన క్షేమానికి సంబంధించిన పని చాలావరకు మనం కుర్చీ ఎక్కకముందే, మనకి కనిపించని వెనకగదిలో అయిపోయి ఉంటుంది, లేదా అవ్వకుండా ఉండిపోయి ఉంటుంది. దాన్ని చూపించమని అడిగే హక్కు పేషెంటుకి ఉందని, అడిగితే నొచ్చుకోకుండా చూపించడం డాక్టర్ వృత్తిలో భాగమని నా వాదన. రూట్ కెనాల్ ఎంత బాగా చేశారో నేను తేల్చలేను, అది ఇంకో డాక్టరే చెప్పాలి. డ్రిల్లు ఎక్కడినుంచి వచ్చిందో అడగడానికి మాత్రం ఏ చదువూ అక్కర్లేదు.

ముందు ఆ డ్రిల్లు సంగతి. వాళ్లు హ్యాండ్‌పీస్ అంటారు. చూడటానికి లావుపాటి పెన్నులా ఉంటుంది గానీ, తలలో ఒక బుల్లి గాలిచక్రం ఉంటుంది. గొట్టంలోంచి వచ్చే గాలి దాన్ని నిమిషానికి 3 నుంచి 4 లక్షల చుట్లు తిప్పుతుంది. ఆ కీచుమనే చప్పుడు దానిదే. డాక్టర్ పెడల్ మీంచి కాలు తీయగానే గాలి ఆగిపోతుంది, చక్రం మాత్రం అదే ఊపులో ఇంకొన్ని చుట్లు తిరుగుతుంది. అలా తిరుగుతూ ఎదురుగా ఉన్నదాన్ని లోపలికి పీల్చుకుంటుంది. ఆ క్షణంలో డ్రిల్లు ఉన్నది ఎక్కడ? ఉమ్మి, నెత్తురు, పంటి పొడి కలిసిన నోట్లో. ఇలా వెనక్కి పీల్చకుండా ఆపే ఏర్పాట్లున్న హ్యాండ్‌పీసులు ఇప్పుడు వచ్చాయి, కానీ వాటికీ అరుగుదల ఉంటుంది. ఏదైనా లోపలికి పోయిందంటే స్పిరిట్ దూది దాన్ని ముట్టుకోలేదు. దూది తుడిచేది బయటి తొడుగుని. లోపల మిగిలింది తర్వాతి పేషెంటు నోట్లో నీళ్లతో పాటు బయటికొస్తుంది.

అందుకే అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2003లో డెంటల్ క్లినిక్కులకు ఇచ్చిన మార్గదర్శకాల్లో, ప్రతి పేషెంటుకీ మధ్య హ్యాండ్‌పీసుని విప్పి, కడిగి, వేడితో స్టెరిలైజ్ చేయాలని రాసింది. పైపైన తుడవడం గానీ, మందునీళ్లలో ముంచడం గానీ సరిపోదని స్పష్టంగానే చెప్పింది. 2018లో మరోసారి, నిదానంగా తిరిగే చిన్న మోటార్లకీ ఇదే వర్తిస్తుందని గుర్తుచేసింది. ఇది ఏదో పెద్ద ఆస్పత్రుల ఆడంబరం కాదు, ఒక్క కుర్చీ ఉన్న క్లినిక్కుకీ ఇదే నియమం.

ఇప్పుడు చిన్న లెక్క. డ్రిల్లు పని అయ్యాక 20, 30 సెకన్లు ఖాళీగా తిప్పి నీళ్లు, గాలి వదలాలి. విప్పి, తోమి, ఆరబెట్టి, నూనె పెట్టి, పౌచ్ అనే చిన్న సంచిలో మూసి, ఆవిరితో స్టెరిలైజ్ చేసే ఆటోక్లేవ్ యంత్రంలో పెట్టాలి. ఆరబెట్టడంతో కలిపి యంత్రం ఒక విడతకి అరగంట నుంచి గంట తీసుకుంటుంది. బయటికొచ్చాక చల్లారాలి. ఎంత చకచకా చేసినా ఒక డ్రిల్లు మళ్లీ చేతికి రావడానికి గంట దాటుతుంది. సాయంత్రం 5 నుంచి 9 దాకా, అరగంటకి ఒక పేషెంటు చొప్పున ఎనిమిది మంది వచ్చారనుకుందాం. ఐదుగంటలకి వాడిన డ్రిల్లు ఏడింటిలోపు తిరిగొస్తే గొప్ప. ఈలోపు ఐదున్నర పేషెంటుకి ఒకటి, ఆరుకి ఒకటి, ఆరున్నరకి ఒకటి కావాలి. అంటే ఒక్క కుర్చీకే కనీసం నాలుగు. అందరికీ డ్రిల్లు అవసరం పడదు, నిజమే. సగం మందికే అనుకుంటే రెండిటితో ఎలాగో నెట్టుకురావచ్చు. అందులో ఒకటి రిపేరుకి వెళ్లిన రోజు?

అందుకని నాకు తెలిసి పళ్ల క్లినిక్కులో పేషెంటు అడగాల్సిన మొదటి ప్రశ్న, "స్టెరిలైజ్ చేస్తారా?" అన్నది కాదు. దానికి ఎవరైనా "ఆహా" అనే అంటారు. "మీ దగ్గర డ్రిల్లులు ఎన్నున్నాయి?" అని అడగాలి. వచ్చే సంఖ్యని గోడ మీదున్న అపాయింట్‌మెంట్ల పట్టికతో పోల్చుకుంటే చాలు, మిగతాది ఎవరూ చెప్పనక్కర్లేదు.

మూడో సిట్టింగుకి వెళ్లినప్పుడు, ఈసారి నోరు తెరవకముందే, నేను అడిగాను. ఆయన చేతికి గ్లౌజు తొడుక్కుంటూ ఆగారు. "ఇరవయ్యేళ్ల నుంచి చేస్తున్నానండీ ఈ పని. నా దగ్గర ఒక్కళ్లకైనా ఏమైనా అయిందా?" అన్నారు. కోపంగా కాదు, నొచ్చుకుని. ఆయన నిజాయితీ మీద నాకు ఇప్పటికీ అనుమానం లేదు. కానీ ఆ మాటలో జవాబు లేదు. ఏమైనా అయ్యుంటే ఆయనకి ఎలా తెలుస్తుంది? హెపటైటిస్ బి సోకితే లక్షణాలు బయటపడటానికి సగటున మూడు నెలలు పడుతుంది. హెపటైటిస్ సి చాలామందిలో ఏళ్ల తరబడి చడీచప్పుడూ లేకుండా కాలేయంలో కూర్చుంటుంది. అది బయటపడ్డ రోజున, పదేళ్ల కిందట పన్ను కట్టించుకున్న క్లినిక్కు ఎవరికి గుర్తొస్తుంది?

అమెరికాలో ఓక్లహోమా రాష్ట్రంలోని టల్సా నగరంలో 2013లో జరిగింది ఇదే చెబుతుంది. నోటి సర్జరీలు చేసే ఒక క్లినిక్కులో చేయించుకున్న ఒక పేషెంటుకి హెపటైటిస్ సి ఉన్నట్టు తేలితే, అధికారులు అక్కడ తనిఖీకి వెళ్లారు. తుప్పు పట్టిన పనిముట్లు దొరికాయి. ఆటోక్లేవ్ సరిగ్గా పనిచేస్తోందో లేదో ఆరేళ్లుగా పరీక్షే చేయించలేదని బయటపడింది. దాదాపు 7,000 మంది పాత పేషెంట్లకి, వెళ్లి రక్తపరీక్షలు చేయించుకోండని ఉత్తరాలు వెళ్లాయి. చివరికి ఆ క్లినిక్కులోనే ఒకరి నుంచి ఒకరికి సోకిందని వైరస్ జన్యు పరీక్షతో రుజువైనది ఒక్క కేసే. దీన్ని రెండు రకాలుగా చదవచ్చు. చూశారా, అంత అధ్వాన్నంగా నడిపినా ఒక్కరికే అంటుకుంది అనొచ్చు. లేదా, ఆ ఒక్కరు పట్టుబడకపోతే ఆరేళ్లు కాస్తా పదహారేళ్లు అయ్యేవి అనొచ్చు. పళ్ల క్లినిక్కుల్లో జబ్బు అంటుకోవడం అరుదే, అది ఒప్పుకుంటాను. అరుదుగా ఉన్నది ఎవరో ఒకరు రోజూ తోమి, మూటకట్టి, రాసిపెడుతున్నందువల్ల. దానంతటది కాదు.

ఆటోక్లేవ్ కొత్త యంత్రమేమీ కాదు. ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ పాశ్చర్ దగ్గర పనిచేసిన చార్లెస్ చాంబర్లాండ్ 1879లో తయారుచేశాడు. సూత్రం ప్రెషర్ కుక్కర్‌దే, ఒత్తిడిలో ఉన్న ఆవిరి. 121 డిగ్రీల సెల్సియస్ దగ్గర కనీసం 15 నిమిషాలు, 134 దగ్గర కనీసం 3 నిమిషాలు నిలబడాలి. యంత్రాన్ని బట్టి, మూటని బట్టి ఇంకా ఎక్కువ. ఇక్కడ చిక్కంతా గాలితోనే వస్తుంది. ఆవిరి తగిలిన చోటే సూక్ష్మజీవి చస్తుంది, గాలి అడ్డున్న చోటికి ఆవిరి పోదు. హ్యాండ్‌పీస్ లోపలంతా సన్నటి గొట్టాలే. అందుకే ముందు గాలిని లాగేసి తర్వాత ఆవిరి పంపే యంత్రాలుంటాయి, వాటిని బి క్లాస్ అంటారు. గాలిని లాగని ఎన్ క్లాస్ యంత్రం మూటకట్టని గట్టి పనిముట్లకి పనికొస్తుంది, డొల్లగా ఉన్నవాటికి, పౌచ్‌లో పెట్టినవాటికి కాదు. బయటినుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. పనిముట్టు మీద నెత్తురు ఎండిపోయి ఉన్నా అంతే, ఆ పొర కింద సూక్ష్మజీవి భద్రంగా ఉంటుంది. కడగని పనిముట్టుని ఎంత ఉడికించినా అది ఉడికిన మురికే.

పౌచ్ మీద రంగు మారే గుర్తు ఒకటి ఉంటుంది. నేనూ దాన్ని చూసే సంతృప్తి పడేవాణ్ణి. ఆ గుర్తు చెప్పేది ఈ పొట్లం వేడిలోకి వెళ్లొచ్చిందని మాత్రమే. లోపలివన్నీ చచ్చాయని అది చెప్పదు. అది తేల్చే పరీక్ష వేరే ఉంది, స్పోర్ టెస్ట్ అంటారు. జియోబాసిల్లస్ స్టియరోథెర్మోఫిలస్ అని ఒక మొండి సూక్ష్మజీవి ఉంది. మామూలు జీవులు చచ్చే వేడిలో అది హాయిగా పెరుగుతుంది. దాని బీజాలు, అంటే స్పోర్లు, ఉన్న చిన్న సీసాని పనిముట్లతో పాటే ఆటోక్లేవ్‌లో పెట్టి, తీశాక వెచ్చటి పెట్టెలో ఉంచుతారు. బీజాలు చస్తే సీసాలో మందు ఊదారంగులోనే ఉంటుంది. బతికితే పసుపుపచ్చగా మారుతుంది. దీనికి తోడుగా ఆటోక్లేవ్‌లో పెట్టని సీసా ఇంకొకటి ఉంచుతారు. అది పసుపు రంగుకి మారి తీరాలి. మారకపోతే ఆ సీసాలే చచ్చినవి, పరీక్ష లెక్కలోకి రాదు. వారానికి ఒకసారైనా ఇది చేయాలంటుంది సీడీసీ.

ఈ సంగతులన్నీ నాకు కళ్లకు కట్టినట్టు అర్థమైంది రెండో క్లినిక్కులో. మొదటి డాక్టర్ గారి దగ్గరికి ఇక వెళ్లబుద్ధి కాలేదు, పన్నేమో సగంలో ఉంది. కొత్త చోట డాక్టర్ గారిని అదే ప్రశ్న అడిగాను. ఆవిడ నవ్వి, "ఆరు ఉన్నాయండీ, ఒకటి రిపేరులో ఉంది" అన్నారు. తర్వాత లోపలికి చూసి, "అమ్మా, మన నోటుబుక్కు ఒకసారి పట్టుకురా" అన్నారు.

మామూలు రూళ్ల నోటుబుక్కు. అట్ట మీద నీళ్ల మరకలు, గుండ్రంగా ఏదో సీసా అడుగు అచ్చు. తేదీ, విడత నంబరు, డిగ్రీలు, నిమిషాలు, ఎవరు పెట్టారు అని గళ్లు గీసి ఉన్నాయి. వారానికి ఒక వరుస ఎర్ర ఇంకుతో, స్పోర్ టెస్టుది, పెట్టిన సీసా ఒక గడిలో, పెట్టని సీసా ఇంకో గడిలో. పేజీలు తిప్పుతుంటే ఒకచోట ఎర్రటి వరుసలో "ఫెయిల్" అని కనిపించింది. దాని కింద, డోర్ రబ్బరు మార్చాం, మళ్లీ పెట్టాం, పాస్, మళ్లీ పెట్టాం, పాస్ అని ఉంది. ఆ విడత పనిముట్లన్నీ తిరిగి కడిగి పెట్టినట్టు పక్కన సంతకం. "ఆ రెండు రోజులూ అందరికీ ఫోన్లు చేసి వాయిదా వేశామండీ, తిట్లు తిన్నాను" అంది అసిస్టెంటు.

ఆ "ఫెయిల్" చూశాకే నాకు ఆ క్లినిక్కు మీద నమ్మకం కుదిరింది. రెండేళ్ల పాటు ఒకే పెన్నుతో, ఒకే దస్తూరితో, అన్నీ టిక్కులే ఉన్న పుస్తకం చూపిస్తే నేను లేచి వచ్చేసేవాణ్ణేమో. యంత్రం అన్నాక ఎప్పుడో ఒకప్పుడు మొరాయిస్తుంది. మొరాయించినట్టు రాసుకున్నవాళ్లు చూస్తున్నారన్నమాట.

ఇంకో విషయం కూడా ఆ పుస్తకంలోనే కనిపించింది. సంతకాలన్నీ అసిస్టెంటువే. పేషెంటు ప్రాణానికి పూచీపడే పనిలో పెద్దభాగం, క్లినిక్కులో అందరికంటే తక్కువ జీతం, తక్కువ శిక్షణ ఉన్న మనిషి చేతిలో ఉంటుంది. నా మొదటి క్లినిక్కులో దూదితో తుడిచిన అమ్మాయిని తప్పుపట్టాలని నాకెప్పుడూ అనిపించలేదు. ఆమెకి చూపించింది అదే. బయట ఆరుగురు కూర్చుని గడియారం చూస్తుంటే, చేతిలో రెండే డ్రిల్లులుంటే, ఆమె ఇంకేం చేస్తుంది? "త్వరగా కానివ్వమ్మా" అనే మనబోటి పేషెంట్లకీ అందులో వాటా ఉంది. చిన్న క్లినిక్కులకి ఇదంతా భారమని ఒక డాక్టర్ మిత్రుడు నాతో వాదించాడు. భారమే. కానీ ఆ భారాన్ని పేషెంట్లని తక్కువ చేసుకోవడంలో చూపించాలి, కడగడంలో కాదు. ఈ విషయంలో మేమిద్దరం ఇప్పటికీ రాజీపడలేదు.

కనిపించే రక్షణ మీద మనకి ఎంత మోజో చెప్పడానికి ఎక్స్‌రే ఏప్రాన్ మంచి ఉదాహరణ. పంటి ఎక్స్‌రే తీసేటప్పుడు బరువైన సీసపు ఏప్రాన్ కప్పకపోతే మనం గొడవ పెట్టుకుంటాం. అమెరికన్ డెంటల్ అసోసియేషన్ నిపుణుల బృందం 2024లో, పంటి ఎక్స్‌రేలకి ఆ ఏప్రాన్లు, మెడ పట్టీలు ఇక మామూలుగా అక్కర్లేదని చెప్పింది. ఇప్పటి డిజిటల్ యంత్రాల్లో ఒక చిన్న పంటి ఎక్స్‌రేకి తగిలే రేడియేషన్, మనం ఊరికే కూర్చున్నా ప్రకృతిలోంచి ఒకట్రెండు రోజుల్లో తగిలేదానికి మించదు. కిరణాన్ని అవసరమైనంత మేరకే పడేలా చేయడం, అనవసరంగా ఎక్స్‌రే తీయకపోవడం అంతకంటే ముఖ్యం. ఏప్రాన్ కోసం పోట్లాడిన మనమే డ్రిల్లు గురించి నోరెత్తం. గ్లౌజుల సంగతీ ఇంతే. గ్లౌజులున్నాయా అని చూస్తాం. ఆ గ్లౌజు ఫోను ఎత్తి, లైటు హ్యాండిలు తిప్పి, సొరుగు లాగి, మళ్లీ మన నోట్లోకి వచ్చిందా అన్నది చూడం.

కొత్త క్లినిక్కులో నా పాత చీటీ చూసి డాక్టర్ గారు కనుబొమలు ఎగరేశారు. "18 అని రాశారు. జ్ఞానదంతానికి రూట్ కెనాల్ ఏమిటండీ?" అన్నారు. తర్వాత నోట్లోకి చూసి, ఎక్స్‌రే చూసి, ఓహో అనుకున్నారు. పళ్లకి నంబర్లు వేసే పద్ధతులు ఒకటి కంటే ఎక్కువున్నాయట. ఒకటి నుంచి ముప్ఫై రెండు దాకా వరసగా వేసుకుపోయే అమెరికా పద్ధతిలో 18 అంటే కింద ఎడమవైపు, జ్ఞానదంతానికి ముందున్న దవడపన్ను. నాది అదే. నోటిని నాలుగు భాగాలు చేసి రెండంకెలు వేసే అంతర్జాతీయ పద్ధతిలో 18 అంటే పైన కుడివైపు చిట్టచివరి జ్ఞానదంతం. ఒకే అంకె, నోటికి ఆ మూలా ఈ మూలా. పన్ను పీకించుకోవడానికి చీటీ పట్టుకుని వెళ్లేవాళ్లని తలుచుకుంటే నాకు ఒళ్లు జలదరించింది. అందుకే అంకెతో పాటు మాటల్లోనూ రాయాలని, పీకేముందు పేషెంటుకి అద్దంలో చూపించి "ఇదే కదా" అని అడగాలని ఆవిడ అన్నారు.

పంటి చుట్టూ ఒక రబ్బరు షీటు బిగించి పని మొదలుపెట్టారు. రబ్బర్ డ్యామ్ అంటారట. 1864 నుంచి ఉన్న వస్తువు, నేను మాత్రం మొదటిసారి చూశాను. రూట్ కెనాల్‌లో వాడే సూదుల్లాంటి ఫైళ్లు జారితే గొంతులోకి, ఒక్కోసారి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. లోపల కడగడానికి వాడేది బ్లీచింగ్ ద్రావణం, అది గొంతులో పడకూడదు. ఆ షీటు రెండిటినీ ఆపుతుంది, పంటిలోకి ఉమ్మి పోకుండానూ చూస్తుంది. మొదట కాస్త ఊపిరాడనట్టు అనిపించింది, తర్వాత అలవాటైంది.

ఇక నీళ్లు. కుర్చీ లోపలి సన్నటి గొట్టాల్లో నీళ్లు రాత్రంతా కదలకుండా ఉండిపోతాయి. గోడలకి జిగురు పొర పడుతుంది, అందులో సూక్ష్మజీవులు కాపురం పెడతాయి. మామూలు పనులకి మిల్లీలీటరు నీళ్లకి సూక్ష్మజీవుల కాలనీలు 500 మించకూడదన్నది హద్దు. 2016లో కాలిఫోర్నియాలోని అనహైమ్‌లో ఒక పిల్లల క్లినిక్కులో పాలపళ్లకి చికిత్స చేయించుకున్న పదుల మంది పిల్లలకి ఇలాంటి నీళ్లలోంచే మైకోబాక్టీరియం అనే సూక్ష్మజీవి సోకి, కొందరికి దవడ ఎముకకి పట్టింది. ఆస్పత్రుల్లో చేరాల్సి వచ్చింది. దీనికి మందు బిళ్లలున్నాయి, గొట్టాలు శుద్ధి చేసే పద్ధతులున్నాయి, నీళ్లు పరీక్షకి పంపొచ్చు. నోటుబుక్కు చూసినప్పుడు ఈ గడి ఉందో లేదో నేను గమనించలేదు.

చివరి సిట్టింగు రోజున అసిస్టెంటు నా ముందే పౌచ్ చింపి డ్రిల్లు తీసింది. పేపరు పొడిగా ఉంది, నేను వేలు పెట్టి చూడబోతే "ముట్టుకోకండి" అని కసిరింది. డాక్టర్ గారు అద్దం నా చేతికిచ్చి, "కింద, ఎడమ, చివరి నుంచి రెండోది. ఇదే కదా?" అన్నారు. ఇదే అన్నాను. నీళ్ల సంగతి అప్పుడు గుర్తొచ్చింది. అడుగుదామని నోరు తెరిచాను. తెరవడమే ఆలస్యం, రబ్బరు షీటు వచ్చి కూర్చుంది.